దేశాంతర గృహములు: గొఱ్ఱెలకాపరి యిల్లాలు



గొఱ్ఱెలకాపరి యనినంతనే మన మనస్సునకు దోచునది పురుషుడే. చేత కఱ్ఱ, భుజమున గొంగడి, వెంట కుక్క. ఆతనికి నొక యిల్లు కలదనియు, ఆ యింట నొక యిల్లాలు కలదనియు వెంటనే యెవరికిని స్ఫురింపదు. ఈ మాసమున మేమా యిల్లాలిని గూర్చియే ముచ్చటింప దలచితిమి. ఆమె దేశము స్కాట్లండు. కాలము విక్టోరియా రాణి యేలిన 1837 మొదలు 1901 వఱకు గల యఱువదినాలుగేండ్లు. దూరదేశపు కథ మనకేల యని త్రోసివేయవలదు. స్త్రీ తన చేతులతో నార్జించినది యెవరి సొమ్మను ప్రశ్న యా కొండలలో నెట్లు పుట్టెనో, ఎంతవఱకు తీఱెనో, ఎంతవఱకు తీఱకుండెనో తెలిసికొన్నచో మన యింటి సంగతియు కొంత తెలియగలదు.

ఇంగ్లండునకును స్కాట్లండునకును నడుమ సరిహద్దుసీమ యను ప్రాంతము కలదు. ఎట్రిక్, యారో, ట్వీడ్ అను నదులు అందు పాఱుచున్నవి. ఆ లోయలకు రెండు వైపుల పచ్చికతో గప్పబడిన గుండ్రని కొండలు. చెట్లు తక్కువ, వానలెక్కువ, శీతకాలమున మంచు. దున్ని విత్తుటకు వీలు కాని యా కొండనేలలో గొఱ్ఱెలే పంట. నల్లమొగముల జాతి యొకటి, చెవియట్ కొండల పేర బరగు తెల్లమొగముల జాతి యొకటి, ఈ రెండే యచ్చట ముఖ్యములు. భూమి బక్లూ డ్యూకు వంటి మహాప్రభువులది. వారియొద్ద కొండలను, సామాన్యముగ 19 ఏండ్ల గడువునకు, కౌలునకు దీసికొనువాడు కౌలుదారు. ఆ కౌలుదారునికడ కుదిరి మందను కాచువాడు కాపరి. మేము చెప్పబోవునది యీ మూడవవాని యిల్లు.

రాతిగోడల చిన్న యిల్లది. తఱచుగా రెండే గదులు. వంటయు, భోజనమును, పడకయు, పిల్లల చదువును, మగ్గిన యున్నివాసనయు, తడిసిన కుక్కయు, అన్నియు నొక గదిలోనే. రెండవ గది శుభ్రముగ నుంచి, అతిథి వచ్చినపుడు తెఱతురు. మంచము గోడలో నమర్చిన పెద్ద చెక్కపెట్టె వలె నుండును. చలిగాలి సోకకుండ తలుపులో తెరయో మూసికొని పండుకొందురు. పొయ్యిలోనికి కట్టెలు లేవు. బాడవనేలలలో నాచును గడ్డియు క్రుళ్లి యేండ్ల తరబడి పేరుకొనిన నల్లని మన్నును ఇటుకలవలె కోసి, వేసవిలో నెండబెట్టి, ఏడాది పొడుగున కాల్చుదురు. దానిని పీటు అందురు. కోయుట మగవారి పనియైన, ఎండబెట్టి త్రిప్పి పేర్చుట స్త్రీలును పిల్లలును చేయునట్టి పని. పొరుగిల్లు మైలు దూరమున నున్న దగ్గఱయే. రెండు మూడు మైళ్లయినను వింత కాదు.

ఇక నా కాపరి జీతమును గూర్చి వినుడు. ఆతని చేతికి రొక్కము ముట్టుట మిక్కిలి స్వల్పము. యజమాని మందలోనే తన సొంత గొఱ్ఱెలను, సాధారణముగ నలువదికి పైబడి, మేపుకొను హక్కు వానికుండెను. దీనిని పాక్ అని వ్యవహరించిరి. ఆ గొఱ్ఱెల పిల్లలును ఉన్నియు కాపరివి. తనవి యజమానివానితో కలిసి మేయును గనుక, మంద కేమి కీడు వచ్చినను తనకును వచ్చును. కావలి పెట్టకయే కావలి కాయించు నేర్పరితనమిది. ఇదిగాక ఏడాదికి గొన్ని కొలతల ఓట్ల పిండియు, ఒకటి రెండావులకు మేపును, బంగాళాదుంపలు వేసికొన కొంత నేలయు, ఉండుట కిల్లును ఇచ్చెడివారు.

సోదరీమణులు ఇక్కడ నొక్క నిమిషమాగి యోచింపుడు. పిండి యిచ్చిరి గాని రొట్టె యియ్యలేదు. ఆవునకు మేపిచ్చిరి గాని వెన్న యియ్యలేదు. గొఱ్ఱెల యున్ని యిచ్చిరి గాని మేజోడు ఇయ్యలేదు. ఇచ్చిన ప్రతి వస్తువును తినుటకో కట్టుటకో పనికివచ్చునట్లు చేసినది యిల్లాలు. తెల్లవాఱకమునుపే లేచి ఆవును పిదికి, పీటు నిప్పు రాజవేసి, ఓట్ల పిండితో చిక్కని జావ కాచి, ఇనుప పెనముమీద పలుచని రొట్టెలు కాల్చి, చిలికి వెన్న తీసి, మిగిలిన మజ్జిగను పందికి పోసి, కోళ్లను విడిచి, కుక్కలకు గూడ పిండి వండి పెట్టినది యామె. కుదుర్చుకొన్నది కాపరిని, పనికి వచ్చినది దంపతులు. కాపరి నెన్నుకొనునపుడు ఆతని యిల్లాలు పనిమంతురాలా యని కౌలుదారు విచారించుటలో నాశ్చర్యమేమి? అయినను ఒడంబడికలో నామె పేరు లేదు. పది యేండ్ల కొకమాఱు జరుగు జనాభా లెక్కలలో వృత్తి యను గడిలో కాపరి భార్య యని వ్రాయుటయో, గడిని ఖాళీగ విడుచుటయో తఱచు.

సంవత్సరములో మొదటి పెద్ద పని గొఱ్ఱెలు ఈనుకాలము. కొండలలో నది యేప్రిల్ నడుమ మొదలై మే నెలలోనికి సాగును. మంచు ఇంకను పూర్తిగ విడువని దినములు. కాపరి రాత్రింబవళ్లు కొండమీదనే తిరుగుచుండును. చలికి కొయ్యబాఱిన పిల్లలను శాలువలో చుట్టి తెచ్చి పొయ్యికడ బెట్టును. పిమ్మట నవి యిల్లాలి పాలు. గోరువెచ్చని యావుపాలు చుక్కచుక్కగ పట్టి, ఒడలు రుద్ది, ప్రాణము నిలిపి, తిరిగి కొండకు పంపవలయును. తల్లి చచ్చిన పిల్లను, పిల్ల చచ్చిన తల్లికి మఱపు చేయు నుపాయము వారికొకటి కలదు. చచ్చిన పిల్ల చర్మమొలిచి అనాథయైన పిల్లకు తొడిగెదరు. తల్లి వాసన చూచి తన బిడ్డయే యనుకొని పాలిచ్చును. కొన్ని దినములకు పాలవాసన యబ్బిన తరువాత నా చర్మము తీసివైతురు.

ఆ గొఱ్ఱెలకు గల యొక గుణము మాకు మిక్కిలి వింతగ దోచినది. కంచె లేకయే ప్రతి మందయు తన కొండభాగమునందే యుండును. తల్లి వెంట దిరిగి ఆడుపిల్ల మేత యెక్కడ, నీరెక్కడ, తుపానులో చాటెక్కడ యని నేర్చుకొని, తన పిల్లకు తాను నేర్పును. కావుననే కౌలుదారు మాఱినను మంద ఆ కొండను విడిచిపోదు. క్రొత్తవాడు మందను కొనవలసినదే. కాపరికుటుంబమునకు మాత్రమా స్థైర్యము లేదు. మే నెలతో గడువు తీఱి యజమాని వలదన్నచో, పెట్టెబేడలు బండి కెక్కించి మఱియొక లోయకు పోవలయును. ఇల్లాలు వేసిన దుంపతోట వెనుకనే నిలిచిపోవును.

జూలైలో ఉన్ని కత్తిరింపు. ఇందు కూలి లేదు. ఒక్కొక్క పొలమున కొక్కొక్క దినము నిర్ణయించుకొని, చుట్టుప్రక్కల కాపరులందఱును కూడి ఆనాటి మందను కత్తిరింతురు. ఇరువది ముప్పది మంది చేరుటయు కలదు. ఉన్ని యొక్క దుప్పటివలె నూడి వచ్చును. దానిని బల్లపై పఱచి, మురికి యేఱి, అంచులు మడిచి, తోకవైపునుండి చుట్టుకొని వచ్చి, మెడయొద్ది యున్నిని త్రాడుగ పేని కట్టుట స్త్రీల పని. అంతమందికి మాంసమును, కూరగాయల పులుసును, రొట్టెలును, పానీయములును సమకూర్చుటయు వారిదే. మగవాడు చేసిన సాయము పొరుగువాడు ఒకనాటికొకనాడు చెల్లించును. అది లెక్కలోని బదులు. ఇల్లాలి వంట మాత్రము మర్యాద యని పేరుపొందెను.

శరదృతువున తారు పూయుట. గజ్జియు పేలును రాకుండుటకును, చలివానకు తడి యొడలికి దిగకుండుటకును, తారును వెన్నను కలిపి కాచి, గొఱ్ఱెను బల్లపై పరుండబెట్టి, ఉన్నిని పాయపాయగ విడదీసి, వ్రేలితో మొదలంట పూయుదురు. ఒక్కొక్క గొఱ్ఱెకు చాల సేపు పట్టును. వారముల తరబడి చేతులు, బట్టలు, పడకలు నన్నియు తారు వాసనయే. ఆ బట్టలుతుకు వారెవరో మేము చెప్పనక్కఱలేదు. శతాబ్ది యుత్తరార్ధమున మందునీట గొఱ్ఱెలను ముంచు పద్ధతి వ్యాపించి, ఈ పూతపని క్రమముగ నంతరించినది. విజ్ఞానశాస్త్రము ఆ యింటి కొనర్చిన మేళ్లలో నిదియొకటి.

చలికాలపు రాత్రులు దీర్ఘములు. పూర్వమా రాత్రులలో ఉన్ని యేకుట, రాట్నము వడకుట జరుగుచుండెడివి. రాణి కాలమునకు గాలషీల్స్, హావిక్ పట్టణములలో మిల్లులు బలిసెను. హావిక్‌లో 1771 నాటికే మేజోళ్లు నేయు చట్రములు వచ్చియుండెను. వడకుట యింటినుండి మిల్లునకు తరలిపోయెను. చేత నల్లిన మేజోళ్లు మాత్రము పొయ్యిప్రక్కన నిలిచెను. కొందఱు ఆడుపిల్లలు మిల్లులకు కూలికి పోయిరి. అక్కయు చెల్లెలును ఒకే ఉన్నిపని చేసిరి. మిల్లులోని యక్కకు వారమువారము కూలి డబ్బు వచ్చెను, ఇంటిలోని చెల్లెలికి రాలేదు. ఈ భేదమును మా పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొనవలయును.

ఆ యింట విద్య యెట్లుండెనని యడుగుదురేమో. మేము చదువుచెప్పు వారింటి వారము గనుక మా కిది ప్రియమైన విషయము. బడి దూరమైన చోట రెండు మూడు కాపరికుటుంబములు కూడి యొక చిన్నవానిని చలికాలమునకు గురువుగ కుదుర్చుకొని, వంతులవారీగ తమ యిండ్లలో నుంచుకొని భోజనము పెట్టుచుండిరి. 1872 నాటి చట్టము అయిదవ యేటినుండి పదుమూడవ యేటివఱకు బాలురకును బాలికలకును చదువు తప్పనిసరి చేసినది. అంతకుముందును తరువాతను తొలిగురువు తల్లియే. నూట యేడు ప్రశ్నలుగల మతప్రశ్నోత్తరియు, కీర్తనలును ఆమెయే కంఠస్థము చేయించెడిది.

రాణికి ముందుతరమున ఎట్రిక్ లోయలో మార్గరెట్ లెయిడ్లా యను కాపరిభార్య యుండెను. వీరగాథలెన్నో యామె నోట నుండెను. సర్ వాల్టర్ స్కాటు 1802, 1803 సంవత్సరములలో సరిహద్దుసీమ గాథల సంపుటములు ప్రకటించుచు నామె పాటలను సేకరించెను. ఆ పాటలు పాడుటకు గాని చదువుటకు గావనియు, అచ్చువేసి వాని మహిమ చెఱచితిరనియు ఆమె యాతనితో ననినట్లు ఆమె కుమారుడు తరువాత వ్రాసెను. ఆ కుమారుడే ఎట్రిక్ కాపరి యని ప్రసిద్ధుడైన కవి జేమ్స్ హాగ్ (1770–1835). ఆతడు బడిలో చదివినది ఆఱునెలల మాత్రమే. మిగిలిన చదువు తల్లియొడిలోనిది. గ్రంథముపై నచ్చయిన పేరు స్కాటుది. వెన్నయు మేజోడును మాత్రమే గాదు, పాటయు పరుల పేర చెల్లుబడి యయ్యెను.

ఈ యిల్లాలిపై సానుభూతి కలిగిన మాత్రమున మఱియొక యిల్లాలిని మఱవరాదు. స్కాట్లండు ఉత్తరపు కొండలలో గొఱ్ఱెలకు చోటు చేయుటకై ప్రభువులు తరతరముల కాపురములను ఖాళీ చేయించిరి. 1814లో సదర్లండు సీమలోని స్ట్రాత్‌నేవర్ లోయలో నట్లే జరిగినది. 1854లో గ్రీన్‌యార్డ్స్ అను చోట, ఇండ్లు విడువుడను ఉత్తరువులు తెచ్చిన పోలీసుల కెదురు నిలిచిన వారిలో ముఖ్యులు స్త్రీలే. లాఠీదెబ్బలకు తలలు పగిలినవి. సరిహద్దుసీమ కాపరులు కొందఱు మంచి జీతమునకై ఆ ఉత్తరదేశమునకు పోయిరి. అక్కడ కాపరి యిల్లాలు నిప్పు రాజవేసిన లోయలో అంతకుమున్ను వేఱొక తల్లి పొయ్యి యుండెను. చిన్నకమతములవారికి భూమిపై స్థిరమైన హక్కునిచ్చిన శాసనము 1886లో గాని రాలేదు.

ఇక ధర్మశాస్త్రము సంగతి. స్కాట్లండు పూర్వన్యాయము ప్రకారము వివాహమైన తోడనే స్త్రీ చరాస్తి యంతయు భర్త పాలగును. దీనికి లాటిన్ భాషలో జస్ మారిటై యని పేరు. భర్తృస్వత్వమని మనము చెప్పుకొనవచ్చును. ఆమె కట్టుబట్టలు, నగలు, అవి దాచుకొను పెట్టె మాత్రమే మినహాయింపు. గ్రుడ్లమ్మినను మేజోళ్లమ్మినను ఆ డబ్బు న్యాయమున భర్తది. విచిత్రమేమనగా పేరు మాత్రమామెకు మిగిలెను. ఆ దేశమున వివాహిత పుట్టినింటి పేరు న్యాయపత్రములలో విడువదు. సమాధిరాళ్లపై గూడ నామె పుట్టింటి పేరు చెక్కి ఫలానావాని భార్య యని వ్రాసెదరు. మనకు పెండ్లితో నింటిపేరు మాఱును గాని స్త్రీధనమను మాట శాస్త్రమున నున్నది. వారికి పేరు నిలిచెను, ధనము పోయెను.

అయితే మన స్త్రీధనమును గూర్చి మిక్కిలి గర్వింపవలసినంత లేదు. మనువు ఆఱు విధములైన స్త్రీధనమును చెప్పెను. అవి యన్నియు ఇతరులిచ్చినవే. చేతిపనిచే స్త్రీ సంపాదించినదియు, పరులు ప్రీతితో నిచ్చినదియు భర్త యధీనమని కాత్యాయనస్మృతి. అనగా వడికిన నూలు, అల్లిన బుట్ట యామెవి కావు. స్కాట్లండు న్యాయమును మన స్మృతియు సముద్రముల కటునిటు నుండి యీ యొక్క విషయమున నేకవాక్యముగ బలికినవి.

ఆ దేశమున 1877 నాటి శాసనము, వివాహిత తాను చేసిన యుద్యోగమువలననో వ్యాపారమువలననో పొందిన కూలి యామెదే యని విధించెను. 1881లో భర్తృస్వత్వము నటుపిమ్మటి వివాహములకు రద్దుచేసిరి; అయినను ఆస్తినిర్వహణపై భర్త కధికారము 1920 వఱకు నిలిచెను. మన దేశమున 1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టము వచ్చినను, స్త్రీ యార్జనమును గూర్చిన దాని నియమము హిందూ స్త్రీలకు వర్తింపలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, స్త్రీ తన నేర్పుచేతను శ్రమచేతను ఆర్జించినదానికి నామెయే పూర్ణస్వామిని యని స్పష్టపఱచెను.

ఇప్పుడు మిల్లులోని యక్కను, ఇంటిలోని చెల్లెలిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. 1877 నాటి శాసనము వివాహితయైన యక్క కూలిని రక్షించెను. కాపరిని పెండ్లియాడిన చెల్లెలికది యేమి చేసెను? ఆమెకు కూలి యున్నగదా రక్షించుట! ప్రాణము నిలిపిన గొఱ్ఱెపిల్ల యజమాని లెక్కలోనిదో, భర్త పాక్ లోనిదో యగును. ముప్పది మందికి వండిన వంట కే పుస్తకమునను పద్దు లేదు. శాసనము లెక్కకు వచ్చినదానినే కాపాడగలదు. లెక్కకు రానిదానిని కాపాడజాలదు. మేము గ్రహించిన సారమిదియే.

ఆ కాపురములకు తుదికాలమున గడ్డురోజులు వచ్చినవి. ఆస్ట్రేలియా యున్ని రాకచే నున్ని ధర తగ్గెను. 1882లో డనీడిన్ అను నావ న్యూజీలండునుండి సుమారు 5,000 గొఱ్ఱెల మాంసమును మంచువలె గడ్డకట్టించి లండనునకు చేర్చెను. ఆ నావ పేరుగల పట్టణము 1848లో స్కాట్లండువారు పోయి నిలిపినదే. ఇల్లు విడిచిపోయిన బిడ్డల దేశమునుండి వచ్చిన మాంసముతో తల్లి యింటి గొఱ్ఱెలు బేరము తగ్గిపోయినవి. అట్టి దినములలోను ఆ యింట పొయ్యి చల్లాఱకుండుటకు కారణము, ధరలతో సంబంధము లేని యామె వెన్న, ఆమె దుంపలు, ఆమె మేజోళ్లు. రొక్కము తగ్గిన యింటిని రొక్కము లేని పని నిలుపును. మన పల్లెలలో కఱవు చూచిన పెద్దముత్తైదువల నడిగిన నీ మాటయే చెప్పుదురు.

కావున మా మనవి యొక్కటి. మనలో చాలమంది పాలు, కూరలు, చాకలిపద్దు వ్రాసికొను పుస్తకమొకటి యుంచుకొందుము. వచ్చు మాసమున ఆ పుస్తకములోనే యెదుటి పుటలో, ఆనాడు మనము చేసిన పనిని, పట్టిన కాలమును వ్రాసి చూతము. పచ్చళ్లు పెట్టినది, పిల్లలకు పాఠము చెప్పినది, రోగికి రాత్రి మేలుకొన్నది, పాడి చూచినది, బట్టలు కుట్టినది, అన్నియు. ఎవరినో నిలదీయుటకు గాదు. మాసాంతమున గృహయజమానికి, ఎదిగిన కుమారునికి, పెండ్లికెదిగిన కూతునికి చదివి వినిపించుటకు. వెలకట్టుట తరువాతి మాట. పద్దు పడుట మొదటి మాట. ఎట్రిక్ కొండలలోని యా యిల్లాలికి పద్దు పుస్తకము లేకపోయెను. మనకు గలదు.